బొట్టు పెట్టిన బోర్డు

మోకాలి లోతు దాటి ఎప్పుడూ నీళ్ళలో దిగని మనిషిని సముద్రం మీది ఆటకు బాధ్యురాలిగా వేసిన ఘనత మా కాలేజీది. తెనాలిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పి.డి.గా, అంటే ఆటల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో గురించి నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. విండ్ సర్ఫింగ్ అనే మాట మాత్రం రిటైర్మెంటు దగ్గరపడ్డాకే మొదటిసారి విన్నాను. విన్నాక, ఈ వయసులో ఇదేం ఖర్మ అనుకున్నాను.

ఇప్పుడు రేపల్లెలో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పి.డి. అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదైనా చెప్పండి మేడం" అంటారు. కప్పుల గురించి, మెడల్స్ గురించి చెబుతానని వాళ్ళ ఆశ. అవన్నీ స్టాఫ్ రూమ్ బీరువాలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, వెళ్ళి చూసుకోండమ్మా అంటాను. నేను మరిచిపోలేనిది బాపట్ల సముద్రం ఒడ్డున ఒక పొద్దుటిపూట. చెప్పడం మొదలుపెడితే సగంలోనే లేచి వంటింట్లోకి పోతాను. అందుకే ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ కూర్చుని రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. మనిషి నిలబడేంత వెడల్పున్న పొడవాటి బోర్డు. దాని నడుమ ఒక కీలు. కీలు మీద ఎటు పడితే అటు వాలే ఒక కొయ్య, ఆ కొయ్యకు తెరచాప. బోర్డు మీద నిలబడి, తెరచాపకు అడ్డంగా ఉన్న కమ్మీ రెండు చేతులా పట్టుకుని, గాలి ఎటు తోస్తే దాన్ని మన దారికి తిప్పుకుంటూ పోవాలి. కూర్చునే వీల్లేదు, బ్రేకు లేదు, దిగి నడిచే దారి అసలే లేదు. మొదటిసారి చూసినప్పుడు, ఇది కనిపెట్టినవాడికి ఇంట్లో పనేమీ ఉండేది కాదేమో అనిపించింది.

మా పిల్లలకు నేర్పడానికి వచ్చిన కోచ్ తెనాలి మనిషే. నౌకాదళంలో పనిచేసి వచ్చాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో మన తెలుగు. వాళ్ళ నాన్న తెనాలి బజార్లో ట్రంకుపెట్టెలు చేసేవాడట. ఆ పనితనం ఈయనకూ వచ్చింది. ఏ సామాను ముట్టుకున్నా వేలితో తడిమి, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని చూసేవాడు. మాట మెత్తన, పని విషయంలో మాత్రం రాయి. రామాపురం ఒడ్డున మొదటి శిక్షణలో మా పిల్లల్ని వారం పొడుగునా నీళ్ళలోకే దించలేదు. ఇసకలోనే బోర్డు పెట్టి, కొయ్య అతికించడం, తెరచాప తాళ్ళు లాగి బిగించడం, విప్పడం, మళ్ళీ బిగించడం. పిల్లలు విసుక్కున్నారు.

"సార్, సముద్రం పక్కనే ఉంది, మేము ఇసకలో ఆడుకుంటున్నాం" అంది ఒక పిల్ల.

"నీళ్ళలో మీరు చేసేదేం లేదమ్మా. అక్కడ చేసేదంతా గాలే. మీరు చేసేదంతా ఇక్కడే" అన్నాడాయన.

తయారవడంలో ఆయనకో వరస ఉండేది. ముందు మనిషి, తర్వాత సామాను, ఆఖర్న గాలి. మనిషి అంటే కడుపు నిండా తినకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. జుట్టు గట్టిగా ముడి వెయ్యాలి, గాజులు తీసెయ్యాలి, లైఫ్ జాకెట్ పట్టీలు ఊపిరి పీలిస్తే బిగుతు తెలిసేలా లాగాలి. జాకెట్‌కు కట్టిన ఈల నోటికి అందుతుందో లేదో ఊది చూపించాలి. సామాను అంటే తెరచాపకు చిరుగు లేకుండా, కీలు ఊగకుండా, బోర్డు అడుగున రెక్క కదలకుండా. ఇక గాలి అంటే గుప్పెడు పొడి ఇసక తీసి పైనుంచి వదలడం, అది ఎటు పోతుందో చూడడం. ఒడ్డు నుంచి సముద్రంలోకి తోసే గాలంటే ఆయనకు పడదు. అలాంటి గాలిలో పోవడం తేలిక, తిరిగి రావడం కష్టం. పడవ తోడు లేకుండా ఆ గాలిలో ఎవర్నీ దించేవాడు కాదు.

ఇంకో సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఉన్న బోర్డుల్లో ఒకటి పాత రకం, లోపలంతా డొల్ల. తోక దగ్గర చిన్న బెజ్జం, దానికో స్క్రూ. షెడ్డులో ఎండకు లోపలి గాలి ఉబ్బి బోర్డు పగిలిపోకుండా ఆ స్క్రూని వదులు చేసి ఉంచుతారు. నీళ్ళలో దించే ముందు రూపాయి బిళ్ళ గాడిలో పెట్టి తిప్పి బిగిస్తారు. బోర్డు పాతదే అయినా తేలిక, బాగా పరిగెత్తేది. అందుకని మా అందరిలో బాగా ఆడే పిల్లకే అది ఇచ్చాడు కోచ్.

ఆ పిల్లది సంగం జాగర్లమూడి. కాలవ పక్క ఊరు. పొలం మనుషులు, ఉమ్మడి కుటుంబం. చిన్నప్పుడు అన్నలతో కలిసి కాలవలో ఈత నేర్చుకుందట, నీళ్ళంటే లెక్క లేదు. బోర్డెక్కి నిలబడితే ఆ పిల్ల మోకాళ్ళు, నడుము, చేతులు ఎవరో చెప్పినట్టు వాటంతటవే సర్దుకునేవి. చూసేవాళ్ళకు ముచ్చటేసేది. కానీ ఇంట్లో పెదనాన్న మాటే మాట. "పెళ్ళీడు పిల్ల ఎండలో, ఉప్పునీళ్ళలో, ఆ బట్టలేసుకుని… మన ఇంటావంటా లేదు" అన్నాడాయన. తండ్రి అన్నగారి మాట మీద మాట మాట్లాడే మనిషి కాదు. తల్లి ఒక్కతే నిలబడింది. నా దగ్గరికి తెనాలి బస్సెక్కి వచ్చింది.

"మేడం గారండి, నా పూచీ మీద పంపిస్తన్నా. ఏదన్నా అయితే ఇంట్లో నేను తలెత్తుకోలేను. దాని ఆటా అంతటితో సరి. మీరు కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది.

కనిపెట్టుకుని ఉంటానని చెప్పాను. ఈత రాని మనిషిని, ఏం చూసుకుని చెప్పానో.

ఎంపిక రోజు వచ్చింది. రాష్ట్ర జట్టుకు అమ్మాయిల్ని ఎంచడానికి బాపట్ల ఒడ్డుకు ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. చలికాలం పొద్దున్న. గాలి ఉత్తరం నుంచి, అంటే ఒడ్డు నుంచి లోపలికి. కోచ్ ఇసక వదిలి చూశాడు, మొహం చిట్లించాడు, మళ్ళీ వదిలి చూశాడు. వచ్చినవాళ్ళు "ఇంత చిన్న గాలికి భయమేంటండి, పడవ ఉందిగా" అన్నారు. పడవ ఉంది నిజమే. ఒడ్డున చేపలు పట్టే పల్లెకారుల్లో ఒకాయన తన ఇంజను పడవతో వచ్చి నిలబడ్డాడు. కోచ్ ఒప్పుకున్నాడు.

పిల్లలు తయారయ్యారు. కోచ్ ఒక్కో బోర్డు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు నుంచి తోక దాకా తడిమాడు. ఆ పాత బోర్డు స్క్రూ కూడా జేబులోంచి బిళ్ళ తీసి బిగించాడు. అది నేను కళ్ళారా చూశాను. తర్వాత పడవాయనతో మాట్లాడడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

అప్పుడొచ్చింది తల్లి. ఎవరికీ చెప్పకుండా తెల్లారుగట్ల బయల్దేరి వచ్చిందట. చేతిలో సంచి, సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, చామంతులు, కర్పూరం, అగరొత్తుల కట్ట. కూతుర్ని పట్టుకుని దిష్టి తీసింది. "అమ్మా, అందరూ చూస్తున్నారే" అని ఆ పిల్ల సిగ్గుపడింది.

"చూడనీ. కొత్త సైకిల్ కొంటేనే పూజ చేస్తాం. నువ్వు సముద్రం మీదకి పోతన్నావు, ఊరికే పంపుతానా?" అంది.

అందులో తప్పేముంది చెప్పండి. మా కాలేజీ బస్సుకు ప్రతి టూరు ముందూ నిమ్మకాయలు తొక్కించే మనిషిని నేనే. చెప్పులు విడిచి నేనూ పక్కన నిలబడ్డాను. వచ్చిన ఎంపిక పెద్దమనుషులు కూడా దణ్ణం పెట్టుకున్నారు. ఒకాయన ఫోన్లో వీడియో తీశాడు. ఈలోగా మిగతా పిల్లలు బోర్డుల చుట్టూ మూగారు, మా బోర్డుకూ పెట్టండి పెద్దమ్మా అని. నేను వాళ్ళను వరసలో పెట్టే పనిలో పడ్డాను. ఆవిడ అన్ని బోర్డుల ముక్కు మీదా పసుపు రాసి బొట్లు పెట్టింది. కూతురి బోర్డుకు మాత్రం ముక్కు మీదా, తోక మీదా కూడా ముద్దగా పెట్టి, పూలు అంటించింది. అగరొత్తి పొగ గాలికి చెదిరిపోయి నా ముక్కుకు తగిలింది. ఆ అగరొత్తిని ఆవిడ ఎక్కడ గుచ్చిందో నేను చూడలేదు.

వరసలో నిలబడమని పిలిచారు. ఇద్దరు పిల్లలు ఆ బోర్డును ఎత్తబోయారు. కోచ్ పరుగున వచ్చాడు. ఎత్తే ముందు ఆఖరిసారి చూసుకోవడం ఆయన అలవాటు. వంగి, తోక మీద ఎర్రటి ముద్దను చూసి, తుడవడానికి వేలు చాపాడు.

"అయ్యో, బొట్టు చెరపమాకండి అన్నయ్యగారండీ!" అంది తల్లి.

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. తీసుకోవడమే కాదు, ఆ చేతిని గుండెల మీద పెట్టుకుని "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. వేరే ఇంటి పూజ, వేరే ఇంటి బొట్టు, తను ముట్టుకోకూడదనుకున్నాడు. అంత మర్యాద ఉన్న మనిషి. పక్కనున్న పడవాయన కూడా "పూజయ్యాక మళ్ళీ చూడ్డం ఏంటి మాస్టారూ, ఎత్తండి" అన్నాడు. ఎత్తారు.

అయిదుగురు పిల్లలు తెరచాపలు లేపుకుని సాగిపోయారు. ఒడ్డు దగ్గర నీళ్ళు నున్నగా ఉన్నాయి. దూరంగా నీళ్ళ మీద తేల్చిన గుర్తుల చుట్టూ తిరిగి రావాలి. మా పిల్ల తెరచాప పసుప్పచ్చది, అందరికంటే ముందు పోతోంది. తల్లి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. "అదేనా, అదేనా మన పిల్ల?" అని అడుగుతూనే ఉంది. నాకూ ఒళ్ళు పొంగిపోయింది. కాలేజీ వాళ్ళకు ఫోన్ చేసి, మనమే గెలుస్తున్నాం అని కూడా చెప్పేశాను. ఆ తొందర నాకెప్పుడూ ఉన్నదే.

దూరపు గుర్తు దగ్గర తిరగవలసిన చోట ఆ పసుప్పచ్చ తెరచాప తిరగలేదు. మందగించింది. వెనకున్న పిల్ల దాటిపోయింది, ఇంకో పిల్లా దాటిపోయింది. "అలిసిందేమో" అన్నారెవరో. అంతలో చివర వస్తున్న పిల్ల ఒకతి ఒడ్డుకు దగ్గర్లోనే పడి, కొయ్య తగిలి నుదురు పగలగొట్టుకుంది. పడవ అటు పోయింది. కోచ్ పడవలోనే ఉన్నాడు. ఆ పిల్లను పడవలోకి లాగి, ఒడ్డుకు తెచ్చి, నాకప్పగించాడు. నేను రుమాలుతో నుదురు అదిమిపట్టాను. అందరి కళ్ళూ అటే ఉన్నాయి.

నేను తలెత్తి చూసేసరికి పసుప్పచ్చ తెరచాప లేదు.

మిగతా మూడూ ఉన్నాయి. ఎరుపు, తెలుపు, నీలం. పసుపు లేదు. కళ్ళు నులుముకుని చూశాను. ఎంపిక పెద్దమనిషి దగ్గర దుర్భిణి లాక్కుని చూశాను. నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. కోచ్ చొక్కా పట్టుకుని లాగి అటు చూపించాను. కోచ్ నా మొహం చూశాడు, సముద్రం చూశాడు, పడవ ఎక్కేశాడు. పడవ లోపలికి పోయింది.

ఆ తర్వాత ఒడ్డున గడిచిన సమయం గురించి ఎలా చెప్పాలో నాకు తెలియదు. తెరచాప నీళ్ళలో పడుకుంటే ఒడ్డుకు కనపడదని కోచ్ ఎన్నోసార్లు చెప్పాడు. నాకు తెలుసు. తెలిసినా నీళ్ళలోకి నడిచి, మోకాలి లోతు దగ్గర ఆగిపోయాను. ఒడ్డు నుంచి తోసే గాలి తోస్తూనే ఉంది. నా చీర కొంగు సముద్రం వైపే ఎగురుతోంది, దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

తల్లి మాత్రం ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏం కాదండి మేడం గారూ. నేను పూజ చేశాను కదా. అమ్మవారు చూసుకుంటది. మీరు కంగారుపడమాకండి" అని నన్నే ఓదార్చింది. ఆ మాటలో అనుమానం అణుమాత్రం లేదు. అంత నమ్మకం నేనెక్కడా చూడలేదు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో నాకు తెలియదు.

వీడియో తీసిన మహానుభావుడు ఈలోగా దాన్ని ఎవరికో పంపాడు. వాళ్ళు ఇంకెవరికో పంపారు. 'బాపట్ల ఒడ్డున విద్యార్థిని గల్లంతు' అని కింద రాసి, మనవాళ్ళ ఫోన్లలో అది తెనాలి దాకా పోయింది. సంగం జాగర్లమూడిలో ఆ పిల్ల తండ్రి ఫోన్లోకీ పోయింది. మొదటి కబురు ఆయనకు అలా తెలిసింది. మా ఎవరి నోటి నుంచీ కాదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పడవ తిరిగొచ్చింది. పడవ మధ్యలో ఆ పిల్ల తడిసి, పెదాలు నల్లబడి, వణుకుతూ, బతికి ఉంది. బోర్డును తాడుతో వెనక కట్టి ఈడ్చుకొచ్చారు. నేను బోరున ఏడ్చేశాను. తల్లి ఏడవలేదు. లేచి వెళ్ళి కూతురి తల మీద చెయ్యి పెట్టి, "చెప్పానా" అని నా వైపు చూసి నవ్వింది.

ఎలా దొరికిందో కోచ్ చెప్పాడు. ఎంత వెతికినా కనపడలేదట. ఇంజను ఆపమని పడవాయనకు చెప్పి, ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారట. గాలిలో ఎక్కడో సన్నగా ఈల. అటు పోతే, బోర్డు తోక మునిగి, ముక్కు ఒక్కటే పైకి లేచి ఉంది. ఆ ముక్కును కావలించుకుని పిల్ల. బోర్డు వదలొద్దని నేర్పాం, వదల్లేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ బోర్డుతో పాటు ఎంత లోపలికి కొట్టుకుపోయేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

"సార్, బోర్డు బరువెక్కిపోయింది సార్. నేనేం తప్పు చేశాను? ఎంత లాగినా తిరగలేదు" అంటోంది పిల్ల.

నలుగురు పట్టి బోర్డును ఇసకలోకి లాగి, తోక కిందికి వంచారు. బెజ్జంలోంచి నీళ్ళు ధారకట్టాయి. ఆగడం లేదు. కోచ్ వంగి, నీళ్ళ మధ్యే వేలు పెట్టి తడిమాడు. స్క్రూ లేదు. బెజ్జం అంచున పసుపు, కుంకుమ తడిసి పేరుకుని, వాటిలో ఇరుక్కుని చిన్న వెదురు పుల్ల. అగరొత్తి మొదలు.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పిడుగు నెత్తిన పడ్డట్టయింది. బిడ్డకు ఏమీ కాకూడదని ఒక తల్లి చేసిన పూజ!

"వేలు అక్కడిదాకా పోయింది మేడం గారూ" అన్నాడు కోచ్. "తుడిచి ఉంటే కనపడేది."

పిల్ల కూడా చూసింది. ఎంత తెలివిగలది, చటుక్కున గ్రహించింది. మమ్మల్ని పక్కకు లాగి, "అమ్మకి చెప్పొద్దు సార్. మేడం, మీ కాళ్ళు పట్టుకుంటా, చెప్పొద్దు. ఇంట్లో తెలిస్తే అమ్మని జన్మంతా దెప్పుతారు" అంది. అప్పుడే చావు దాకా వెళ్ళొచ్చిన పిల్ల.

"స్క్రూ బిగించడం నేను మర్చిపోయానని చెబుతానమ్మా" అన్నాడు కోచ్.

"అలా చెబితే మీ దగ్గరికి మళ్ళీ పంపరు సార్."

"పెద్ద అల వచ్చిందందాం" అన్నాను నేను. ఆ పిల్ల తల దించుకుంది. అలా చెప్పినా పంపరని ముగ్గురికీ తెలుసు. ఏం చెప్పినా ఆ పిల్ల ఆటకు అదే ఆఖరు. మిగిలిందల్లా తల్లిని కాపాడడం ఒక్కటే. అందుకని అల మీదికే నెట్టేద్దామని తీర్మానించుకున్నాం. తల్లి దూరంగా బోర్డు దగ్గరే నిలబడి, ఇసకలోకి ఇంకుతున్న నీళ్ళను చూస్తోంది. ఏమనుకుంటుందో మాకు తోచలేదు. పిలిస్తే పలకలేదు. బెదిరిపోయి ఉంటుంది అనుకున్నాను. ఆవిడ మొహంలో ఇందాకటి నవ్వు మాత్రం లేదు.

ఇంకాసేపటికి కారొకటి ఇసక దాకా దూసుకొచ్చి ఆగింది. తండ్రి దిగాడు, పెదనాన్న దిగాడు. తండ్రి కూతుర్ని చూసి నిలబడలేకపోయాడు. కారు తలుపు పట్టుకుని పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. దారి పొడుగునా కూతురు లేదనే అనుకుని వచ్చిన మనిషి. ఆయన ఏడుపు చూసి ఎంపికకు వచ్చిన పెద్దమనుషులు కూడా తలలు తిప్పుకున్నారు.

పెదనాన్న ఏడవలేదు. ఆయనకు కోపం వచ్చింది.

"ఏం జరిగింది?" అని నన్నడిగాడు.

"అల వచ్చిందండి… ఉన్నట్టుండి పెద్ద అల" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. కోచ్ తల వంచుకున్నాడు.

"వస్తది. సముద్రమన్నాక అల రాదా? ఇవాళ వచ్చింది, రేపు వస్తది. చాలిక. అమ్మాయ్, కారెక్కు. ఈ ఆటా వద్దు, ఈ నీళ్ళూ వద్దు. కాలేజీ కూడా ఆలోచిద్దాం" అన్నాడు.

పిల్ల కదిలింది. తల్లి కోసం నోరు మూసుకుని, ఆటను అక్కడే ఇసకలో వదిలేసి, తండ్రి వెనక నడుస్తోంది. నేను చూస్తూ నిలబడ్డాను. నా ఉద్యోగంలో అంత చేతకాని క్షణం ఇంకోటి లేదు.

"అల కాదండి" అని వినబడింది.

తల్లి. బోర్డు దగ్గర నుంచి వస్తోంది. కొంగు చివర ముడి విప్పుతూ వస్తోంది. ముడిలోంచి స్క్రూ తీసి భర్త ముందు పెట్టింది.

"అల కాదు, గాలి కాదు. ఈ మాస్టారు బాగానే బిగించాడు. బిగించాక నేను రూపాయి బిళ్ళ పెట్టి తిప్పి తీశాను. మన ట్రాక్టరుకి మీరు దసరాకి బిరడా తీసి ఆ బెజ్జంలో అగరొత్తి గుచ్చుతారే, ఇదీ అందుకే ఇచ్చారనుకున్నా. పొగ తగిలాక మళ్ళీ పెడదామని కొంగున కట్టుకున్నా. గాలికి అగరొత్తి పైన విరిగిపడింది, ఈలోగా బోర్డు ఎత్తుకుపోయారు. నేను మర్చిపోయా. బోర్డులోకి నీళ్ళు నా వల్లే వచ్చినయ్" అంది.

గాలికి తెరచాప టపటపా కొట్టుకుంటోంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నీళ్ళు కారడం మొదలైనప్పుడే ఆవిడకు తెలుసన్నమాట. అప్పటినుంచీ ఆ ముడి గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

పెదనాన్న ఆ స్క్రూ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బోర్డు దగ్గరికి వెళ్ళి బెజ్జంలో పెట్టి చూశాడు. ఇంజన్లతో బతికిన రైతు, ఒక్క చూపుకే అర్థమైంది.

"ఇది ఉంటే మునగదా?" అని కోచ్‌ని అడిగాడు.

"మునగదండి."

"ఖాయంగా?"

"నా సొంత పిల్లలు నేర్చుకుంది కూడా దీని మీదే అండి" అన్నాడు కోచ్.

ఇక మొదలుపెట్టాడు పెదనాన్న. మరదల్ని నేరుగా అనడం వాళ్ళ ఇంటి పద్ధతి కాదేమో, తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "మీ ఆవిడకి మతుందా లేదా రా? బిడ్డని చేతులారా చంపుకునేది గదరా! కనపడ్డ ప్రతి బెజ్జంలో పుల్ల గుచ్చడమేనా? ట్రాక్టరూ ఇదీ ఒకటేనా?" ఒడ్డంతా వినిపించేలా తిట్టాడు. పల్లెకారులు చూస్తున్నారు, మా పిల్లలు చూస్తున్నారు. ఆవిడ తల వంచుకుని నిలబడింది. భర్త కూడా, అప్పుడప్పుడే ఏడుపు ఆపుకున్న ఆ మెత్తటి మనిషి, "ఎంత పని చేశావే" అన్నాడు. ఊళ్ళో ఆ మాట ఎన్నాళ్ళు నడుస్తుందో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

అయితే ఆ తిట్ల మధ్యలో ఎక్కడా ఆట మానెయ్యమన్న మాట మళ్ళీ రాలేదు. కోపమంతా ఆవిడ మీదికి పోయింది. ఆఖరికి అలిసిపోయి, పెదనాన్న కోచ్ వైపు తిరిగి, "ఈసారి దింపే ముందు ఎవర్నీ దగ్గరికి రానీమాకండి" అన్నాడు. ఈసారి అన్నాడు. ఆ పిల్ల చటుక్కున తలెత్తింది.

ఆ పిల్ల ఆ రోజు ఎంపిక కాలేదు. తర్వాత ఎప్పుడో అయింది, ఇప్పుడు తనే నేర్పుతోంది. ఆ సంగతి కాదు నేను చెప్పదలుచుకుంది.

కారెక్కే ముందు తల్లి నా దగ్గరికి వచ్చింది, చెప్పులు ఎక్కడో ఇసకలో విడిచిందట, వెతుక్కుంటోంది. నేనే వెతికి తెచ్చి ఇచ్చాను. ఉండబట్టలేక అడిగేశాను.

"ఎందుకు చెప్పారమ్మా? మేము ముగ్గురం నోరు విప్పేవాళ్ళం కాదు. మీ అమ్మాయే చెప్పొద్దంది. హాయిగా ఉండేవారు కదా."

ఆవిడ చెప్పులు తొడుక్కుంటూ, కారు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"తప్పు సముద్రం మీద పెడితే పిల్లని మాన్పిస్తారండి. నా మీద పెడితే నన్ను తిడతారు, అంతే కదండీ" అని, కొంగు సర్దుకుని కారెక్కింది.